తామర కొలను, చెక్క చెప్పు

అకిరా కురొసావా పేరు వినగానే మనకు స్ఫురించేవి ‘రషోమాన్’ (1950), ‘సెవెన్ సమురాయ్’ (1954). ఆయన తొలి చిత్రం ‘సుగాతా సన్షిరో’ (1943) మొన్నటి వరకూ మేము చూడలేదు. జూడో వీరుని కథ కదా అని విద్యార్థులతో కలిసి ఉత్సాహంగానే కూర్చున్నాము. ముగిశాక ఒక కుర్రవాడు “ఫైటింగులు ఇంతేనా సార్?” అని పెదవి విరిచాడు. అతని ఫిర్యాదు న్యాయమైనదే. అయితే మా మనసులో మిగిలింది పోరాటం కాదు, ఒక చెప్పు.

కథాకాలం 1882. జుజుత్సు నేర్వవచ్చిన సన్షిరో, తాను చేరిన బృందంవారు ఒక రాత్రి జూడో గురువు యానో మీదికి వెళ్లి ఒక్కొక్కరే నీళ్లలో పడటం చూస్తాడు. యానో ఎక్కివచ్చిన రిక్షావాడు అప్పటికే పరారీ. (రిక్షా అనే మాట మనకు జపాను నుంచి వచ్చినదే.) సన్షిరో పావుకోళ్ల వంటి తన చెక్క చెప్పులు విడిచేసి, యానోను కూర్చోబెట్టుకొని తానే బండి లాగుతాడు. వీధిలో మిగిలిన చెప్పు వానకు తడుస్తుంది, కుక్కపిల్ల నోట పడుతుంది, మంచులో కప్పుకుపోతుంది, చివరకు నీటిలో తేలిపోతుంది. కాలం గడిచిందని తెరమీద అక్షరాలు వేయవలసిన పని లేకపోయింది.

బలం వచ్చింది, వివేకం రాలేదు. వీధిలో జనాన్ని ఎత్తి పడవేసినందుకు గురువు మందలించగా, సన్షిరో కొలనులోకి దూకి గుంజను పట్టుకొని రాత్రంతా ఉంటాడు. తామర విచ్చుకోవడం చూస్తాడు, జ్ఞానోదయమవుతుంది. పేరుపొందిన ఘట్టమే గాని మాకు తృప్తి కలగలేదు. ‘పంకజ’ శబ్దాన్ని చిన్ననాడే వల్లించిన మనకు బురద, పువ్వు కనబడగానే అర్థం ముందే తోస్తుంది. మనిషి మారాడని నమ్మామా, పువ్వును చూసి సరిపెట్టుకున్నామా?

అతడు నిజంగా మారేది గెలిచిన తర్వాత. పోటీలో మొన్మాను గోడకేసి విసిరితే ఆ మనిషి ప్రాణం పోతుంది. విరిగిన తలుపు ఒకటి మెల్లగా, చాలా మెల్లగా అతని మీదికి ఒరుగుతుంది. చూస్తున్నవారిలో అతని కూతురుంది. ఆపైన సన్షిరోకు గుడి మెట్ల మీద సయో పరిచయమవుతుంది. ఆమె చెప్పు వారు తెగితే తానే కూర్చొని కడతాడు. వీధిలో వదిలేసిన చెప్పు ఇలా తిరిగి వచ్చిందన్నమాట! ఆమె మొక్కేది తండ్రి గెలుపు కోసం; ఆ తండ్రి మురాయ్‌తోనే తాను తలపడాలి. ఇంకొక కూతురి ఎదుట ఇంకొక తండ్రిని ఎత్తి వేయాలి. గెలవడానికి జంకే వీరుణ్ణి, అదీ 1943లో, దేశమంతా యుద్ధ విజయాలను జపిస్తున్న వేళ చూపడం సామాన్యమైన సాహసం కాదు.

మరుసటి సంవత్సరం ఈ చిత్రం నుంచి 1,845 అడుగులు కత్తిరించారు, దర్శకునితో ఒక్క మాటైనా చెప్పకుండా. ఆ ఖాళీలను పూరించే రాతలు వచ్చినప్పుడల్లా మా విద్యార్థులు ఉసూరుమన్నారు.

హిగాకితో చివరి పోరు పెనుగాలిలో, నిలువెత్తు గడ్డి మధ్య జరుగుతుంది. మేఘాలు పరుగెత్తుతుంటాయి, గడ్డి అలలుగా ఒరుగుతుంటుంది. పట్టు బిగిసి ఊపిరాడని సన్షిరోకు అక్కడ తామర మళ్లీ కనబడుతుంది. ఆ గాలి చాలునే, పువ్వెందుకు?