చాకలి పద్దూ, లక్ష్మీదేవి పటమూ

పోయిన నెల ఇంటికి రంగులు వేయిస్తుంటే దేవుడి గదిలో లక్ష్మీదేవి పటం కిందపడి అద్దం భళ్ళున పగిలింది. అమ్మమ్మ నుంచి అమ్మకీ, అమ్మ నుంచి నాకూ వచ్చిన పటం అది. తామరపువ్వులో నిలబడి, నాలుగు చేతులతో, పక్కన ఏనుగుతో ఉండే రవివర్మ లక్ష్మి. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

"పోనీలే అమ్మా, అదేమన్నా అపురూపమైన కళాఖండమా? అచ్చు బొమ్మేగా!" అంది మా అమ్మాయి. కాలేజీలో చిత్రకళ చదువుతోంది లెండి.

నాకు చర్రున కోపం వచ్చింది. అది చల్లారాక, అసలు అచ్చు బొమ్మంటే ఏమిటో నాకే సరిగ్గా తెలీదని తోచింది. పుస్తకాలు ముందేసుకు కూర్చున్నాను.

రాతి అచ్చు కథ చాకలి పద్దుతో మొదలైందంటే నమ్ముతారా? జర్మనీలోని మ్యూనిక్ నగరంలో అలోయిస్ సెనెఫెల్డర్ అని ఓ నాటక రచయిత ఉండేవాడు. నటుడైన తండ్రి పోయాక సంసారం ఆ కుర్రాడి మీద పడింది. తన నాటకాలు తానే చవగ్గా అచ్చు వేసుకోవాలని తాపత్రయం. (ఆ బాధ ఎలాంటిదో నన్నడగండి!) 1796లో ఒకనాడు చాకలామె వచ్చి నిలబడింది, తల్లి పద్దు రాయమంది, తీరా చూస్తే ఇంట్లో కాగితం ముక్క లేదు. పక్కనే ఉన్న నున్నటి సున్నపురాయి మీద మైనం, సబ్బు, మసి కలిపిన సిరాతో గబగబా రాసేశాడు. తర్వాత చెరిపేయబోతూ, దీని మీద యాసిడ్ పోస్తే ఏమవుతుందో అనుకున్నాడు. ఆ ప్రయోగాలే ముదిరి 1798 నాటికి అసలు కిటుకు దొరికింది.

ఆ కిటుకు మన వంటింట్లో రోజూ చూసేదే. జిడ్డుకీ నీటికీ పడదు. రాయి మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీస్తారు. బంక, కాస్త యాసిడ్ పట్టించి రాయిని తడుపుతారు. గీత ఉన్నచోట నీరు నిలవదు, గీత లేనిచోట సిరా అంటదు. అప్పుడు సిరా దొర్లించి కాగితం నొక్కితే బొమ్మ దిగిపోతుంది. చెక్కేది లేదు, తొలిచేది లేదు. చిత్రకారుడి చెయ్యి ఎలా కదిలిందో అలాగే, కాకపోతే కుడిఎడమలు తారుమారై, కాగితం మీదికి వస్తుంది.

రంగుల బొమ్మకైతే రంగుకో రాయి కావాలి. మన పెడన అద్దకంలో రంగుకో చెక్క అచ్చు ఉన్నట్టే అన్నమాట. కాగితం వెంట్రుకవాసి జరిగినా పెదవి రంగు గడ్డం మీద పడుతుంది!

కిళిమానూరులో 1848లో పుట్టిన రవివర్మ రాజుల కోసం, జమీందారుల కోసం నూనె రంగుల చిత్రాలు వేశాడు. అవి దివాణాల్లో ఉండిపోయేవి. 1894లో బొంబాయిలో జర్మన్ యంత్రాలతో, జర్మన్ పనివాళ్ళతో అచ్చు కార్యాలయం పెట్టాడు. మొదట వచ్చిన బొమ్మ శకుంతల జననం. తర్వాత ప్రెస్సు లోనావలా దగ్గరి మళవలీకి మారింది. అప్పుల బాధ పడలేక ష్లైషర్ అనే జర్మన్ నిపుణుడికే అమ్మేశాడు. 1906లో ఆయన పోయాక కూడా ఆ బొమ్మలు మాత్రం ఇంటింటికీ వెళ్తూనే ఉన్నాయి. 1972లో ఆ ప్రెస్సు అగ్నికి ఆహుతైంది.

విమర్శకులు వీటిని చిన్నచూపు చూస్తారు. మూలంలో ఉన్న లోతు అచ్చులో లేదంటారు. నిజమే, కాదనను. కానీ పగిలిన అద్దం తీసేసి భూతద్దం పెట్టి చూశాను. లక్ష్మీదేవి బుగ్గ నిండా చుక్కలు! ముగ్గుకి పెట్టినట్టు ఎవరో ఓపిగ్గా ఒక్కొక్కటే రాయి మీద పెట్టిన చుక్కలు. ఆ పెట్టిన వాళ్ళ పేరు పటం మీద ఎక్కడా లేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే కనబడింది. చీర అంచు పొడుగునా సన్నటి జరీ, అక్కడక్కడా చమ్కీలు, సూదితో కుట్టినవి! అద్దం వెనక ఉండగా అది అచ్చులోని మెరుపే అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు ఇలా దేవుళ్ళ బొమ్మలకి బట్టలూ నగలూ కుట్టేవారట. వేలల్లో ఒకటిగా వచ్చిన కాగితం, అమ్మమ్మ సూది తగిలాక లోకంలో ఒక్కటే అయింది. గుడికి ఎప్పుడంటే అప్పుడు వెళ్ళే వీల్లేని ఇల్లాలికి అమ్మవారు ఇంటికొస్తే ఊరికే కూర్చోబెడుతుందా?

అమ్మాయిని పిలిచి చూపించాను. చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా అంది: "అమ్మమ్మగారి పని బాగుందమ్మా. కానీ అమ్మవారికి ఈ ఒక్క మొహమే ఎందుకుండాలి? చేర్యాల పటాల్లో దేవతల కళ్ళు ఎంత పెద్దవో చూడు, కాళహస్తి కలంకారీలో కట్టూబొట్టూ వేరు. ఈ తెల్లటి గుండ్రటి మొహం ఇంటింటికీ వచ్చాక మిగతావి మనకి కంటికి ఆనడం మానేశాయి. నీ నవలల్లో కూడా అంతేగా! కథానాయిక గుమ్మంలోకి రాగానే 'రవివర్మ చిత్రంలా ఉంది' అంటావు. నాలాంటి చామనచాయ పిల్ల ఒక్కత్తయినా ఉందా?"

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రాత్రి నా పుస్తకాలు తీసి చూసుకున్నాను. మూడింటిలో ఆ మాట ఉంది. రవివర్మ ఒక్కో రంగుకీ ఒక్కో రాయి వాడాడు. నేను ఆడపిల్లలందరికీ కలిపి ఒకే రాయి వాడేశాను.

పటానికి కొత్త అద్దం వేయించాను. జరీ నలగకుండా మధ్యన కాస్త జాగా వదలమని దగ్గరుండి చెప్పాను. మళ్ళీ దాని చోట అదే ఉంది. రాస్తున్న నవలలో మాత్రం 'రవివర్మ చిత్రంలా' అన్న మాట కొట్టేశాను. ఆ ఖాళీలో ఏం రాయాలో తోచక ఓ పూటంతా కలం పట్టుకు కూర్చున్నాను. ఎదురుగా వరండాలో మా అమ్మాయి జడ వేసుకుంటోంది.