ఫోను సర్దారా?

హన్మకొండలో ఎవరింట్లోనైనా లగేజీ తూచే కొక్కెం మిషను కనిపిస్తే, ఆ ఇంటివాళ్లు అమెరికా ప్రయాణంలో ఉన్నారని అర్థం. బ్యాగుకు 23 కిలోలు. సకినాలు, కారప్పొడి, మామిడికాయ తొక్కు తూచి తీసి, మళ్లీ తూచి పెడతారు. ఈ హడావుడి నెల రోజులు నడుస్తుంది. ఫోను సంగతి మాత్రం శంషాబాద్‌కు కారు మాట్లాడుకున్నాకే గుర్తొస్తుంది. అప్పుడు నా దగ్గరికి వస్తారు. "సారూ, గీ ఫోను అమెరికాల పన్జేస్తదా?"

నేను ఫోను చేతిలోకి తీసుకోకముందే ఎదురు ప్రశ్న వేస్తాను. "అక్కా, పింఛను పడే బ్యాంకుల ఇచ్చింది గీ నంబరేనా?" ఆమెకు నా ప్రశ్న వింతగా ఉంటుంది. ఆమె దిగులంతా మనవరాలితో మాట్లాడడం గురించే.

మాట్లాడడం ఒకప్పుడు నిజంగానే దిగులు. 1959లో మన ఊళ్లో ఆర్ఈసీ ఇంజినీరింగ్ కాలేజీ పెట్టాక, అక్కడ చదివిన పిల్లలు అమెరికా దారి పట్టారు. వాళ్లతో మాట్లాడాలంటే అమ్మానాన్నలు మొదట ట్రంకాల్ బుక్ చేసుకుని కాచుక్కూచునేవాళ్లు. తర్వాత ఐఎస్‌డీ బూత్‌లు వచ్చాయి. అద్దాల డబ్బాలో నిలబడి, కళ్లు మీటరు మీది ఎర్ర అంకెల మీద పెట్టి, "తిన్నావా, మంచిగున్నావా" అని అడిగి పెట్టేసేవాళ్లు. 2002 ఏప్రిల్‌లో ఐఎస్‌డీ మీద వీఎస్‌ఎన్‌ఎల్ గుత్తాధిపత్యం పోయాక రేట్లు దిగాయి. ఇప్పుడు కొడుకింట్లో వైఫై ఉంటే చాలు, వంకాయ కోస్తూ కూడా వీడియోలో మాట్లాడొచ్చు.

ఇవాళ అసలు ఇబ్బంది ఓటీపీతో. బ్యాంకు మనిషిని గుర్తుపట్టేది నంబరుతోనే, ఆ నంబరుకు మెసేజ్ పంపే. ఆ సిమ్ విదేశంలో మూగబోతే ఇక్కడ డబ్బున్నా లేనట్టే. మనవాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. సిమ్ తీసి ఓ డబ్బా ఫోన్లో వేసి బావమరిదికి అప్పగించి పోవడం. డల్లాస్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకు ఓటీపీ కావాలంటే కాజీపేటలో బావమరిదిని అర్ధరాత్రి లేపాలి. ఆయన కళ్లజోడు వెతుక్కుని ఆరు అంకెలు చదివేసరికి గడువు దాటిపోతుంది. పైగా ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు పోరుతుంటే, మనం చెప్పడానికే ఒక మనిషిని పెట్టుకుంటున్నాం! నాకు ఈ పద్ధతి అసలు నచ్చదు.

సిమ్ మీ వెంటే పోవాలి. విదేశంలో ఫోను ఆన్ చేయగానే అక్కడి నెట్‌వర్క్ మన కంపెనీని "ఈ నంబరు మీదేనా" అని అడుగుతుంది. మన కంపెనీ ఔనంటేనే సిగ్నల్ వస్తుంది. ఔననాలంటే ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడే తెరిపించుకోవాలి. ప్రీపెయిడ్ అయితే ప్యాక్ వేస్తే తప్ప ఔననని కంపెనీలూ ఉంటాయి, అడిగి పోవాలి. వచ్చే మెసేజ్‌కు మామూలుగా డబ్బు పడదు. ప్యాక్ లేకుండా కాల్ ఎత్తితే పడుతుంది, నెట్ తెరిస్తే ఇంకా గట్టిగా పడుతుంది.

అందుకని రెండు సిమ్‌లకూ పనులు పంచుతాను. మన సిమ్‌కు మెసేజ్‌ల కాపలా ఒక్కటే, దాని డేటా రోమింగ్ బంద్. నెట్ పని అక్కడి సిమ్‌దో, ఈసిమ్‌దో. సెట్టింగుల్లో ఈ రెండూ చేశాక కూడా ఒక దొంగ మీట మిగులుతుంది. ఐఫోన్లో డేటా వాడే సిమ్‌కు సిగ్నల్ తగ్గితే రెండో సిమ్ డేటాకు తనంతట తానే మారిపోయే ఏర్పాటు అది. దాన్ని కూడా ఆపితే గానీ నాకు తృప్తి ఉండదు. ఈసిమ్ అయితే ఇంట్లో వైఫై ఉండగానే ఎక్కిస్తాను. దాన్ని ఎక్కించడానికే నెట్ కావాలి, దిగాక చూద్దాంలే అంటే కుదరదు. వాట్సాప్ "నంబరు మార్చారా?" అని అడిగితే పాత నంబరే ఉంచమని నొక్కాలి. ఈ ముక్క మాత్రం కాగితం మీద రాసిచ్చి ఫోను కవరు వెనక పెట్టిస్తాను.

రీచార్జి లెక్క ఇంకొకటి. ఆరు నెలలకు పోతూ 84 రోజుల ప్లాన్ వేసుకుంటారు. వరసగా 90 రోజులు వాడని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ తీసేసుకోవచ్చు. బ్యాలెన్స్ 20 రూపాయలకు తగ్గకుండా ఉంటే తీయొద్దని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో చెప్పింది కానీ, నంబరు మిగలడం వేరు, మెసేజ్ రావడం వేరు. ఏడాది ప్లాన్ వేసుకుని నిశ్చింతగా పొండి.

రోమింగ్ ప్యాకులే వద్దని నేననను. ఎయిర్‌టెల్ 2022 డిసెంబరులో 184 దేశాలకు ఒకే ప్యాక్ అంటూ వరల్డ్ పాస్ తెచ్చింది. పది రోజులు తిరిగొచ్చేవాళ్లకు ఇలాంటివి హాయి. ఇందులో ఒక తమాషా ఉంది. మన సిమ్ రోమింగ్‌లో నెట్ తెరిస్తే ఆ సమాచారం సాధారణంగా ఇండియాలోని మన కంపెనీ దాకా వచ్చి, అక్కడి నుంచి లోకంలోకి పోతుంది. కాస్త నెమ్మది. కానీ యాప్‌లు మనం ఇండియాలోనే ఉన్నామనుకుంటాయి కనుక, కొడుకింటి వైఫైలో తెరుచుకోని సీరియలు దీంతో తెరుచుకోవచ్చు. అత్తగార్లు ఈ రహస్యాన్ని నాకంటే ముందే పట్టేశారు.

అమెరికాలో ఏ కంపెనీ సిమ్ అన్నది పిల్లలు చూసుకుంటారు. కాకపోతే ఏటీఅండ్‌టీ 2022 ఫిబ్రవరిలో 3జీ ఎత్తేసింది. తన జాబితాలో లేని ఫోన్లకు కాల్స్ ఇవ్వదు, కాబట్టి హన్మకొండ చౌరస్తాలో కొన్న ఫోను మోడల్ పేరు కొడుక్కి ముందే పంపాలి.

చివరగా దుబాయి. మన ఊరివాళ్లు చాలామంది అక్కడే విమానం మారతారు. యూఏఈలో వాట్సాప్ మెసేజ్ పోతుంది, కాల్ పోదు. జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలుసు, వాళ్ల దారులు వాళ్లకున్నాయి. అమెరికాలో ఉన్న కొడుక్కి మాత్రం గుర్తుండదు. అమ్మ దుబాయిలో దిగిన టైం చూసి కాల్ మీద కాల్ కొడతాడు, కలవకపోయేసరికి ఇక్కడ నాకు చేస్తాడు. అందుకే ఈమధ్య అక్కకు వాయిస్ మెసేజ్ పెట్టడం నేర్పి, కొడుక్కి కూడా ముందే ఫోన్ చేస్తున్నాను: "బాబూ, దుబాయిల అమ్మకు కాల్ చెయ్యకు. ఆమెనే మెసేజ్ పెడ్తది, ఆగు."