తెర అడగనివ్వని ప్రశ్నలు

సినిమా హాళ్ల దగ్గర పాటల పుస్తకాలు అమ్మిన రోజుల్లో కథ సగం చెప్పి, మిగతాది వెండితెరపై చూడమనేవారు. సినిమా కథనే పుస్తకంగా చెప్పే వెండితెర నవలకు ఆ వెసులుబాటు లేదు. ముళ్లపూడి వెంకటరమణ, రావి కొండలరావు వంటివారు ఆ నవలలు రాసినప్పుడు బొమ్మ సాయం లేకుండా కథంతా చెప్పాల్సి వచ్చింది. పౌరాణికమో సాంఘికమో అయితే ఆ లోకం పాఠకుడికి ముందే పరిచయం. సైన్స్ ఫిక్షన్‌కు వచ్చేసరికి లోకాన్నే కొత్తగా కట్టాలి.

కొంతకాలంగా పెనుగొలనులో మా ఇంటి అరుగు మీద కూర్చుని ‘ఆదిత్య 369’ని నవలగా రాసుకుంటున్నాను. అచ్చు వేయడానికి కాదు, ఈ విద్య పట్టుబడాలని. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ఈ సినిమాకు ప్రేరణ హెచ్.జి. వెల్స్ 1895లో వెలువరించిన ‘ది టైమ్ మెషీన్’ నవల.

సినిమాలో యంత్రం కదులుతుంది, ఇళయరాజా సంగీతం మనల్ని ఎత్తుకుపోతుంది, చూస్తుండగానే 1526 నాటి రాయలవారి విజయనగరానికి వెళ్లిపోతాం. అనుమానం వచ్చేలోపే తర్వాతి సీను వచ్చేస్తుంది. పాఠకుడు అలా కాదు. పేజీ మధ్యలో ఆగి, వేలు అడ్డం పెట్టుకుని ‘అదెలా?’ అని ఆలోచిస్తాడు. నవలాకారుడు గౌరవించాల్సింది ఆ ఆగడాన్నే.

ఐజాక్ అసిమోవ్ ఆ గౌరవం ఎలా ఉంటుందో చూపించాడు. 1966 నాటి ‘ఫెంటాస్టిక్ వాయేజ్’ సినిమాలో కంటికి కనపడనంతగా కుదించిన జలాంతర్గామి ఎక్కి కొందరు ఒక శాస్త్రవేత్త ఒంట్లోకి వెళతారు. తెల్ల రక్తకణం ఆ ఓడను మింగేస్తుంది. మనుషులు కన్నీటి వెంట బయటపడతారు. సినిమా అక్కడితో సరి. మరి కుదింపు గడువు తీరాక ఓడ ముక్కలు లోపలే అసలు సైజుకు పెరిగితే రోగి గతేంటి? ఆ స్క్రిప్టు ఆధారంగా అసిమోవ్ రాసిన నవలలో ఆ కణం వాళ్లను తరుముతూ కంటిదాకా వస్తుంది, శకలాలతో సహా బయటపడుతుంది. ఒక్క చిన్న మలుపుతో కథ నిలబడింది. పైగా ఆయన ఎంత త్వరగా రాశాడంటే, పుస్తకమే సినిమా కంటే ముందు వచ్చింది.

అలాంటి ప్రశ్నతోనే నా పని రాయలవారి విందు దగ్గర ఆగింది. మా చుట్టుపక్కల మిరప చేలే కాబట్టి కారం అనగానే ఎర్రటి పండు మిరపకాయ మనసులో మెదులుతుంది. కానీ మిరప పోర్చుగీసు ఓడల మీద మన దేశానికి వచ్చిన పంట. 1526 నాటి విస్తట్లో మిరియాల ఘాటే వడ్డించాను. టమాటా, బంగాళాదుంపల ఊసు ఎత్తలేదు. దాదాపు 1520లో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అక్కడి అంగళ్లలో రత్నాలు, వజ్రాలు అమ్మడం గురించి రాశాడు. వజ్రం చుట్టూ తిరిగే కథకు ఆ అంగడి వీధి ఒక్కటే ఒక అధ్యాయం ఇస్తుంది.

అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పాలని కూర్చుంటే మాత్రం నవల కాస్తా పాఠ్యపుస్తకం అయిపోతుంది. యంత్రం లోపలి తీగల లెక్క రాసిన పేజీలు తీసేశాను. వాటి స్థానంలో ప్రొఫెసర్ రామదాసు మనసు రాశాను. తాను చేసిన యంత్రం మనుషుల్ని తీసుకుని మాయమైంది. తానేమో ఈ కాలంలోనే ఉండిపోయాడు. వాళ్లు ఏ శతాబ్దంలో దిగారో, బతికున్నారో లేదో తెలియదు. అలా ఎదురుచూసే మనిషి గుండెదడ రాయడానికి నవలకు ఉన్నంత తీరిక సినిమాకు ఉండదు.

2024లో ‘కల్కి 2898 ఏడీ’ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ‘ఆదిత్య 369’ మళ్లీ విడుదలైంది. ఇలాంటి కథలకు ప్రేక్షకులు ఉన్నారు. ఇక కావలసింది పుస్తకాలు. నిర్మాతలు షూటింగ్ దశలోనే మంచి రచయితకు స్క్రిప్టు ఇచ్చి నవల రాయించాలి. అంత పెద్ద బడ్జెట్‌లో ఆ ఖర్చు లెక్కలోకి కూడా రాదు. హాల్లోంచి ‘అదెలా?’ అనుకుంటూ బయటికి వచ్చే పిల్లవాడికి ఆ ప్రశ్నతో కూర్చునే చోటు తెలుగులోనే దొరకాలి.