సన్నాయికి ఓ సాయంత్రం కావాలి

తోడిలో గాంధారం ఒకచోట నిలిచే స్వరం కాదు. రిషభం దాకా జారుతుంది, మధ్యమం వైపు ఊగుతుంది, ఆ ఊపులోనే తోడి అంతా ఉంది. గాయకుడికి గొంతుంది. వైణికుడు తీగ లాగి ఆ ఊపు తెస్తాడు. వయొలిన్‌కు మెట్లే లేవు కాబట్టి వేలు జారిస్తే చాలు. సన్నాయి మాట వేరు. ఏడు రంధ్రాల కొయ్యగొట్టం, కొసన ఓ పీక, అంతే. క్లారినెట్‌కు ఉన్నట్టు మీటలు లేవు. అలాంటి వాద్యంలోంచి షేక్ చిన మౌలానా గారు పలికించిన తోడి గాంధారం వినండి. రంధ్రం మీద వేలు ఎక్కడ లేచిందో, పెదవి ఎక్కడ బిగిసిందో, ఊపిరి ఎక్కడ సన్నబడిందో ఎంత చెవి పెట్టినా అతుకు దొరకదు. పాత రికార్డింగులు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి కాబట్టి నా మాట నమ్మక్కర్లేదు, మీరే విని చూడండి.

ఈ వాద్యంలో ఒక్కో రంధ్రానికి ఒక్కో స్వరం అనుకుంటే పొరపాటు. వేలు పూర్తిగా ఎత్తితే ఒక స్వరం, సగం మూస్తే ఇంకోటి, అదే సగంలో ఊపిరి పెంచితే మరోటి. శుద్ధ రిషభానికీ చతుశ్రుతి రిషభానికీ మధ్య తేడా వేలి కింది కండకు తెలియాలి, పెదవికీ తెలియాలి. పై స్థాయికి వెళ్లాలంటే పీకను పెదవులతో నొక్కి, గాలి వేగం పెంచాలి. కొంచెం ఎక్కువైతే కీచుమంటుంది, తక్కువైతే శ్రుతి జారుతుంది. ఇలా రెండున్నర స్థాయిలు ఏలుతూ గంటల తరబడి ఊదాలి, అదీ చాలాసార్లు నిలబడి, ఊరేగింపులో నడుస్తూ. ఇంత కష్టమైన వాద్యం కర్ణాటక సంగీతంలో ఇంకోటి లేదని నేను గట్టిగా అంటాను. వీణ అభిమానులు కోపగించుకున్నా సరే.

తుత్తుకారం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నాలుక కొసతో పీకను తాకి స్వరాన్ని విడగొట్టడం అది. నాలుక తాకకుండా ఒకే ఊపిరిలో స్వరాలు జారిస్తే అకారం. ఈ రెండింటినీ ఎక్కడ ఏది వాడాలో తెలిసినవాడే విద్వాంసుడు. ఆలాపనలో అకారం ఎక్కువ. కృతికి వచ్చేసరికి నాలుక పని మొదలవుతుంది. సాహిత్యంలో అక్షరం పడే చోట నాలుక పడాలి, దీర్ఘం ఉన్నచోట ఊపిరి సాగాలి. త్యాగరాజ కృతిని మంచి సన్నాయి విద్వాంసుడు వాయిస్తే మాటలు వినిపిస్తాయి. ఇక్కడ నాకు పక్షపాతం ఉంది, దాచుకోను. తెలుగు తెలిసిన విద్వాంసుడు పదం మధ్యలో ఊపిరి తెంపడు. ఎంత గొప్ప తంజావూరు విద్వాంసుడైనా త్యాగరాజస్వామిని తడుముకునే చోటు ఒకటి ఉంటుంది, మన కరవది, చిలకలూరిపేట వాళ్లకు ఆ తడుములాట లేదు.

ఇక డోలు. కుడిచేతి వేళ్లకు గట్టి తొడుగులు, ఎడమచేతిలో పొట్టి కర్ర. దాని శబ్దం చూసి మోటు వాద్యం అనుకుంటారు. దేవుడు ఊరేగింపుకు కదిలేటప్పుడు గంభీరనాటలో మల్లారి వాయిస్తారు కదా, సాహిత్యమే లేని ఆ రచన మూడు కాలాల్లో నడుస్తుంటే డోలు లెక్క గమనించండి. సన్నాయి వదిలిన ప్రతి సందునూ ఆ రెండు చేతులు నింపుతాయి. ఆలాపన సాగుతున్నప్పుడు మంచి డోలు విద్వాంసుడు చేసే పని మరీ గొప్పది. వాయించడం మానేసి, ఒక్కో వాక్యం ముగిసినప్పుడు మాత్రం చిన్న జతి వేసి మళ్లీ తగ్గిపోతాడు. ఆ నిగ్రహం నేర్పితే వచ్చేది కాదు.

వాద్యం తయారీ గురించి నాకు తెలిసింది విన్నదే ఎక్కువ. తంజావూరు జిల్లా నరసింగంపేటలో తయారైనవి పేరున్నవి, 2022లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దొరికే దూలాల ఆచ్చా కర్ర అయితేనే నాదం పండుతుందంటారు. పీకకు కావేరి ఒడ్డున పెరిగే రెల్లు కావాలి. పూర్వం వాడిన పొట్టి సన్నాయి శ్రుతి చాలా ఎక్కువ, అందులో శుద్ధ మధ్యమం సరిగా పలికేది కాదట. టి.ఎన్. రాజరత్నం పిళ్లై (1898–1956) ఒక పనివాడితో కలిసి గొట్టం పొడవు పెంచి శ్రుతి దించాడు. తోడి రాగం ఆయన సొంత ఆస్తి అన్నంతగా పేరు పొందింది ఆ మార్పు వెనకనే.

ఆ రాజరత్నం రికార్డులు విని పిచ్చెక్కిన తెలుగు కుర్రాడే చిన మౌలానా. 1924లో ఒంగోలు పక్కన కరవదిలో సన్నాయి వంశంలో పుట్టాడు. తండ్రి కాశిం సాహెబ్ దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చాడు. మన దగ్గర అప్పటికే పేరున్న విద్వాంసుడై ఉండి కూడా, తంజావూరు బాణీ కోసం నాచియార్‌కోయిల్ రాజం, దురైకన్ను సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడయ్యాడు. ఆ తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధి వదల్లేదు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. మరుసటి ఏడే కన్నుమూశారు. నా చెవికి ఆయన వాద్యంలో రెండు నదులు కలిశాయి. ఆలాపనలో తంజావూరు తీరిక, స్వరకల్పనలో గుంటూరు జోరు. కాంభోజిని పది నిమిషాలు మంద్రంలోనే నిలిపి, శ్రోత ఇక ఆగలేడనగా తారషడ్జం అందుకోవడం ఒక్క ఆయనకే చెల్లింది. బిస్మిల్లా ఖాన్ షెహనాయి గురించి గర్వంగా మాట్లాడే తెలుగువాళ్లకు కరవది ఎక్కడుందో తెలియదు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఆయన శిష్యులే షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ మహబూబ్ దంపతులు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించారు. ఆడవాళ్లు ఊదే వాద్యం కాదన్న వాళ్ల నోళ్లు కాలేషాబీ గారి ఊపిరితో మూతపడ్డాయి. ఇద్దరూ కలిసి కృతి వాయిస్తే అది ఒకే గొట్టంలా వినిపిస్తుంది, విడిగా ఆలాపన అందుకున్నప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. ఆమె వాక్యం కాస్త సూటిగా సాగుతుంది, ఆయనది మెలిక తిరుగుతుంది. భద్రాద్రి రాముడి కొలువులో సన్నాయి ఊదిన గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌కు 2022లో పద్మశ్రీ ప్రకటించేనాటికి ఆయన లేరు. రాముడికి మేలుకొలుపు, రంగనాథుడికి పవ్వళింపు తరతరాలుగా ముస్లింల ఊపిరిలోంచి వచ్చాయి. నాయీబ్రాహ్మణ కుటుంబాలు ఇంటింటి శుభకార్యంలో ఈ విద్యను నిలబెట్టాయి. ఇంత పెద్ద ఆస్తి మనది.

సినిమా పాటలు వాయించడం వల్లే సన్నాయి చెడిందని కొందరు పెద్దలంటారు. నేను ఒప్పుకోను. 1962లో వచ్చిన ‘మురిపించే మువ్వలు’లో కారుకురిచ్చి అరుణాచలం సన్నాయితో మన గుంటూరు జిల్లా ఆడపడుచు ఎస్. జానకి గొంతు పోటీపడిన ఆభేరి పాట విన్నవాళ్లెవరూ ఆ మాట అనరు. గొంతు ఎక్కడ ఆగిందో సన్నాయి అక్కడ అందుకుంటుంది, ఒక్కోచోట ఏది ఏదో పోల్చుకోలేం. పాట సినిమాదైనా గమకం శుద్ధంగా ఉంటే చాలు.

చెడింది వేరేచోట. గుంటూరు వైపు ఓ పెళ్లిలో పందిట్లో జనం భోజనాలకు లేచాక, ఓ నడివయసు విద్వాంసుడు పీకల గుత్తిలోంచి ఒకటి తీసి నోట తడిపాడు, ఊది చూశాడు, నచ్చక మరోటి తీశాడు. చిన్న పుల్లతో దాని నోరు కొంచెం తెరిచి మళ్లీ ఊదాడు. ఖరహరప్రియ ఎత్తుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ వినడం లేదు కూడా. నిషాదం మీద ఆగి ఒక్క ఊపిరిలో కిందికి దిగుతూ పంచమం దగ్గర చేసిన నొక్కు ఇప్పటికీ నా చెవిలో ఉంది. డోలు అతను చెయ్యి ఆపి తల ఊపుతున్నాడు. అంతలో కార్యక్రమం చూసుకునే కుర్రాడొకడు వచ్చి, ‘‘బాబాయ్, ఇక ఆపండి, డీజే వాళ్లు సెట్ చేసుకోవాలి’’ అన్నాడు. ఆయన మారు మాట్లాడకుండా పీక తీసి తుడుచుకున్నాడు. పెళ్లివారిలో ఒక్కరైనా ఆ కుర్రాణ్ని ఆపలేదు.

ఆ విద్వాంసుడికైనా ఓ కుర్చీ ఉంది. ఇప్పుడు చాలా మండపాల్లో అదీ లేదు. ముహూర్తం వేళ పంతులుగారు భజంత్రీలు అనగానే ఎవరో ఫోన్‌లో ట్రాక్ నొక్కుతారు. ఏ రాగమో, ఎవరు వాయించారో తెలియని అదే ముక్క, జీలకర్ర బెల్లానికీ అదే, తలంబ్రాలకూ అదే. కీబోర్డులో సన్నాయి గొంతు అని ఒక మీట ఉంటుంది. నొక్కితే స్వరం కర్రలా నిలబడుతుంది. గాంధారానికి ఊపు లేదు, నిషాదానికి ప్రాణం లేదు, దాన్ని సన్నాయి అనడానికి నోరెలా వస్తుంది? గుళ్లలో హారతి వేళ మోటారుతో కొట్టుకునే డోలూ గంటా పెట్టారు. మీట వేస్తే కొట్టుకుంటుంది, తీస్తే ఆగుతుంది, తాళం లేదు, కాలం లేదు. దేవుడి ముందు యంత్రానికి మోత మోగించే పని అప్పగించి, పక్కనే పుట్టి పెరిగిన మేళం కుటుంబాన్ని కూలికి పంపుతున్నాం. ఆ ఇంట్లో పిల్లవాడు ఏం చూసి పీక పట్టుకుంటాడు? పదేళ్లు సాధన చేస్తే గానీ శ్రుతి నిలవని విద్యకు, ఏడాదిలో నాలుగు ముహూర్తాల సంపాదన చాలదు.

సంగీత సభలవారిని కూడా వదలను. ఉత్సవం ప్రారంభంలో మంగళవాద్యం అని పెడతారు. అప్పుడు హాల్లో ఉండేది కుర్చీలు సర్దేవాళ్లూ మైకులు చూసేవాళ్లూ. విద్వాంసుడు మోహనమో కల్యాణో ఎత్తుకుని మంద్రం దాటకముందే ముఖ్య అతిథి వస్తాడు, దండ పడుతుంది, సన్నాయి ఆగుతుంది. గాయకుడికి మూడు గంటలు, సన్నాయికి ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాల్లో తోడి పాడమని గాయకుణ్ని అడిగితే కచేరీ వదిలి వెళ్లిపోడూ?

అడగవలసింది పెద్దదేమీ కాదు. విజయవాడ, హైదరాబాదు, విశాఖ సభలు ఏడాదికి ఒక్క సాయంత్రం ప్రధాన కచేరీ సన్నాయికి ఇవ్వండి. రెండు సన్నాయిలు, రెండు డోళ్లు, తాళం, శ్రుతి, మైకు తక్కువ, సమయం ఎక్కువ. పెళ్లి చేసే తల్లిదండ్రులు ట్రాక్ మాని మేళం పిలవండి, బేరం ఆడకండి, భోజనాల వేళ ఓ అరగంట డీజేని ఆపి ఆ విద్వాంసుణ్ని ఏ రాగం ఇష్టమైతే ఆ రాగం వాయించమని అడగండి. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చోండి. పీక మార్చుకునేదాకా ఓపిక పట్టండి.