త్వరిత నిర్మాణము, చిర రక్షణము: వికీ పరికరముపై ఒక విమర్శ

హవాయి భాషయందు ‘వికీ’ యనగా త్వర. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అను అమెరికా దేశీయుడు, చదువరియే దిద్దుటకు వీలగు తన వెబ్‌సైటుకు హొనొలూలూ విమానాశ్రయపు బస్సు పేరునుండి ఈ నామమును గైకొనెను. ఆ పద్ధతిపై 2001లో వికీపీడియా వెలసినది. 2003 డిసెంబరులో తెలుగు శాఖ ఆరంభమైనది.

దీనికి ఆధారమగు మీడియావికీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. దానికి వలయు పీహెచ్‌పీ, మరియాడీబీలును ఉచితముగనే లభించును. పని యెరిగినవారు ఒక్క పూటలో సైటును నిలుపగలరు. మూలమంతయు బహిరంగమగుటచే లోపమును కనుగొన్నవారే సవరింపవచ్చును. ప్రతి మార్పును పేజీ చరిత్రయందు నిలుచుటచే, చెరిచినదానిని మరల యథాస్థితికి దేవచ్చును. ఈ గుణములు నిస్సంశయముగ ప్రశంసనీయములు.

అయినను ఈ త్వర కట్టడముతోనే ముగియును. తెలుగు వికీపీడియాలో గ్రామములకు ప్రోగ్రాము సహాయమున పేజీలు వేగముగ వెలసినవి. వానిలో పెక్కు చిరకాలము ‘మొలకలు’గనే మిగిలినవి. ఊరి చెరువు పేరును, అచటి పలుకుబడిని ఎరిగినవారే వానిని నింపవలెను.

హోసూరు, బరంపురము, బళ్ళారి ప్రాంతముల తెలుగువారు తమ మాటల కోశమునకు ఇట్టి సైటును నెలకొల్పదలచినచో పరికరమునకు వెల లేదు. కాని సర్వరు అద్దెయు, ఎప్పటికప్పుడు నవీకరణమును, దిద్దుటకు ఓపికగల పదిమందియు కావలెను. కనిపెట్టువారు లేని వికీ కొలదికాలములోనే అక్కరలేని ప్రకటనలతో నిండిపోవును. పదియవ యేటను దిద్దుచున్న చేతులు కలవా యనునదే దాని విలువకు కొలత.