బొటనవేలి కింద కొత్త పని

ఇంజిన్ విప్పే మెకానిక్‌కి విజయవాడ ఆటోనగర్‌లో ఉన్న పేరు వైరింగ్ మేస్త్రీకి ఉండదు. అతని పని కంటికి కనబడదు మరి. స్టీరింగ్ మీద ఊరికే పడివున్న బటన్‌తో ఫాగ్ లైట్లు వెలిగించమని అడిగి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

ముందు స్టీరింగ్ జోలికే పోడు. బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీసి టీకి వెళ్తాడు. బద్ధకం అనుకునేరు! ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో నిలవున్న కరెంటు దిగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. తిరిగొచ్చాక కూడా ఎయిర్‌బ్యాగ్ పసుపు కనెక్టర్‌కి మీటరు ఆనించనివ్వడు.

చాలా కార్లలో బటన్‌కో తీగ ఉండదు. నాలుగైదు బటన్లకు ఒకటే తీగ. నొక్కిన బటన్‌ను బట్టి రెసిస్టెన్స్ మారుతుంది. ఏది నొక్కితే ఎన్ని ఓమ్‌లో చూసి, చేతికందిన అట్టముక్క మీద రాసుకుంటాడు. ఆ తేడాను పసిగట్టే చిన్న బోర్డు, దాని వెనక రిలే. 55 వాట్ల బల్బులు రెండు కలిసి 12 వోల్టుల మీద 9 ఆంపియర్లకు పైనే లాగుతాయి. అంత బరువు బటన్ మోయలేదు, రిలే మోస్తుంది. ఫ్యూజు కాపలా ఉంటుంది.

ఇలా వైరింగ్ మారిస్తే వారంటీ పోవచ్చని ముందే చెప్పే మేస్త్రీ అంటే నాకు మరీ గౌరవం.

చివర్లో స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతాడు. లోపల గడియారం స్ప్రింగులా చుట్టుకునే పల్చని పట్టీ ఎక్కడా పట్టేయకూడదు. చెవి దగ్గరపెట్టి వింటాడు. తర్వాతే బ్యాటరీ తీగ తగిలించి బటన్ నొక్కమంటాడు.