తన్నుల్లేని బరిలో

2017 ఆగస్టు 26న లాస్ వేగాస్‌లో జరిగిన బాక్సింగ్ పోటీలో ఫ్లాయిడ్ మేవెదర్ ఎదుట ఎంఎంఏ ఫైటర్ కానర్ మెక్‌గ్రెగర్ నిలబడిన తీరు బాక్సర్లది కాదు. కుడికాలు ముందుకు, పాదాల మధ్య బారెడు ఎడం, ఒళ్లు పక్కవాటుగా: కరాటే వాళ్ల వాలకం. విచిత్రమేమిటంటే, డబ్లిన్‌లో చిన్నప్పుడు అతను నేర్చింది బాక్సింగే. ఈ నిలుపు తన్నులకూ చోటున్న ఎంఎంఏలో (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) అబ్బింది.

మొదటి రౌండ్లలో అది బాగానే పనిచేసింది. మేవెదర్ పెద్దగా కొట్టకుండా చూస్తూ గడిపాడు. తర్వాత గార్డు పైకెత్తి నేరుగా మీదికి నడిచాడు. ఎంఎంఏలో అలా నడిచొచ్చేవాణ్ని తన్నో మోకాలో ఆపుతుంది. ఆ భయమే లేనిచోట ఎడంగా పెట్టిన పాదాల నిలుపు కాపలా లేని కోట. పదో రౌండులో రిఫరీ ఆపేశాడు. మెక్‌గ్రెగర్ ఓటమిలో అలసట పాత్ర ఉంది, నిజమే. కానీ అంత ఎడంగా నిలబడ్డవాడు వెనకచేతి దెబ్బ వేసినప్పుడల్లా ఒంటి బరువంతా ముందుకు మోయాలి. ఆ అలసటలో కొంత నిలుపు తెచ్చిపెట్టిందే.

థాయ్ బాక్సర్ ఖావోసాయ్ గెలాక్సీ కూడా మెక్‌గ్రెగర్‌లా కుడికాలు ముందుంచే సౌత్‌పానే, కానీ వచ్చింది తన్నులు, మోకాళ్లు వాడే ముయే థాయ్ నుంచి. 1984లో గెలిచిన డబ్ల్యూబీఏ సూపర్ ఫ్లైవెయిట్ టైటిల్‌ను 19 సార్లు నిలబెట్టుకుని, 1991లో చాంపియన్‌గానే రిటైరయ్యాడు. ముయే థాయ్‌లో ఛాతీ ఎదురుగా ఉంటుంది. తన్ను వస్తే ఎత్తి అడ్డడానికి ముందుకాలు తేలిగ్గా ఉంచుతారు. బాక్సింగ్‌లో ఆ పని లేదు గనక ఖావోసాయ్ ఆ కాలిని గట్టిగా నేలకు దించాడు, ఎడమచేతి దెబ్బకు దన్ను చేసుకున్నాడు. మెక్‌గ్రెగర్ తన నిలుపును ఉన్నదున్నట్టు మోసుకొచ్చాడు. ఖావోసాయ్ అందులో అక్కర్లేనిది గుమ్మం దగ్గరే వదిలొచ్చాడు.

అలాగని ముయే థాయ్ బాక్సింగ్‌కు దగ్గరి చుట్టమని తీర్పు చెప్పేస్తే సమార్త్ పయకరున్ అడ్డొస్తాడు. 1986లో లూపే పింటోర్‌ను పడగొట్టి డబ్ల్యూబీసీ టైటిల్ గెలిచిన ఈ థాయ్ సౌత్‌పా చేతులు దించి, నడుము దగ్గర్నుంచి వెనక్కి వాలి దెబ్బ తప్పించుకునేవాడు. ముయే థాయ్‌లో తల కిందికి వంచితే మోకాలు తగులుతుంది, అందుకే వాలడం క్షేమం. బాక్సింగ్‌లో మోకాలి దెబ్బ లేదు, వాలేవాడి వెనక తాళ్లు మాత్రం ఉన్నాయి. చూడముచ్చటకైతే ముగ్గురిలో నా ఓటు సమార్త్‌కే. 1987లో సిడ్నీలో ఊపిరి తీసుకోనివ్వకుండా మీద పడ్డ జెఫ్ ఫెనెక్ మాత్రం ఆ అందాన్ని నాలుగో రౌండు దాటనివ్వలేదు.